ఈ రిపోర్టులో ఒక తప్పు చూపించండి

ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. "అంకుల్, మీరు ఇంటర్వ్యూలు చేసేవారట కదా, ఏం అడుగుతారు?" అంటారు. టీ ఇచ్చి, నాకు తెలిసినవి నాలుగు చెప్పి పంపిస్తాను. తెలియనిది తెలియదనండి. కుర్చీ లాగేటప్పుడు చప్పుడు చేయకండి. మీ దరఖాస్తులో ఏం రాశారో మీరు ఒకసారి చదువుకుని రండి. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు. బల్లకు ఇవతల కూర్చున్నవాళ్లు ఎలాంటివాళ్లని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా ఈసారి అదే చెబుతున్నాను.

మా నాన్న గనుల్లో ఉద్యోగం చేస్తూ మమ్మల్ని బచేలీ క్వార్టర్లలో పెంచాడు. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ. డిగ్రీ అయ్యాక నేను గనుల వైపు పోకుండా గీదంలో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. అడవిలో దొరికే చింతపండు, ఇప్ప పువ్వు, సారపప్పు కొని, శుభ్రం చేసి, డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీ అది. అందులో రిసెర్చి విభాగం అంటే రెండు గదులు, తేమ కొలిచే ఒక యంత్రం, ఒక జీపు, ఆ జీపు డ్రైవరు, నేను. ఊళ్లకు వెళ్లి ఎవరు ఏం ఏరుతున్నారు, ఎప్పుడు ఏరుతున్నారు, ఎలా ఆరబెడుతున్నారు అని అడిగి రాసుకురావడం మా పని. యంత్రం సగం రోజులు పనిచేసేది కాదు. డ్రైవరు నోరు మాత్రం అన్ని రోజులూ పనిచేసేది.

డ్రైవరుది కోంటా. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ నాలుగూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను సార్ అంటూనే చనువుగా తిట్టగలిగిన మనిషి మా ఆఫీసులో అతనొక్కడే.

నేను రిటైరు కావడానికి ఏడాది ఉందనగా కంపెనీ ఒక జూనియర్ రిసెర్చ్ అసిస్టెంటును తీసుకోవాలనుకుంది. ఉన్నది ఒకే ఉద్యోగం. పదకొండు మందిని పిలిచాం. రాయపూర్ నుంచి మేడమ్ వచ్చారు. ఆవిడ మా అందరికీ పై అధికారి. మాట తక్కువ, వినడం ఎక్కువ. రిటైరైన తర్వాత నన్ను రెండేళ్లు సలహాదారుగా ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆవిడ చేతిలోనే ఉంది. అందుకని ఆ రోజు నేను కొత్త చొక్కా వేసుకున్నాను. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్లో కూడా అంత ఇస్త్రీ చొక్కా ఎవరికీ లేదు. మూడో మనిషి పర్సనెల్ ఆఫీసరు, భిలాయి వాడు. ఎవరొచ్చినా "ఐదేళ్ల తర్వాత నువ్వు ఎక్కడ ఉంటావు?" అని హిందీలో అడిగేవాడు. ఒక కుర్రాడు బాగా ఆలోచించి, "జగదల్‌పూర్‌లో సార్, మా మామయ్య ఇల్లు అక్కడే" అన్నాడు. మేడమ్ ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

నాకూ ఒక సొంత ప్రశ్న ఉండేది. వచ్చినవాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నేను రాసిన చింతపండు రిపోర్టును అరగంట సేపు చదవమని ఇచ్చేవాణ్ణి. లోపలికి వచ్చాక, "ఈ రిపోర్టులో ఒక తప్పు చూపించండి" అనేవాణ్ణి. రిసెర్చి చేసేవాడికి అనుమానం ఉండాలి కదా, అది పరీక్షించడానికి అని అందరికీ చెప్పేవాణ్ణి. నిజం ఇప్పుడు చెబుతున్నాను. "ఏ తప్పూ లేదు సార్, చాలా బాగుంది" అని పది మంది నోట వినడం నాకు ఇష్టం. ఆ రిపోర్టు చూసే కంపెనీ నాకు ప్రమోషన్ ఇచ్చింది.

ఆ రోజు కూడా అలాగే సాగింది. ఒకడు మ్యాపులో ఆకుపచ్చ రంగు మరీ లేతగా ఉందన్నాడు. ఒకమ్మాయి పేజీలు సరిగ్గా కుట్టలేదంది. జగదల్‌పూర్ నుంచి వచ్చిన ఒక చురుకైన కుర్రాడు, "ఇలాంటి రిపోర్టు ప్రతి జిల్లాకూ ఉండాలి సార్" అన్నాడు. అతనికి ఎన్ని మార్కులు వేశానో మీరు ఊహించుకోవచ్చు.

ఎనిమిదో మనిషిగా ఒకమ్మాయి వచ్చింది. జగదల్‌పూర్ కాలేజీలో బీఎస్సీ వృక్షశాస్త్రం. సన్నగా ఉంది, జడకు రిబ్బను కట్టుకుంది, కుర్చీ లాగకుండా ఉన్నచోటే సర్దుకుని కూర్చుంది. దరఖాస్తులో మాతృభాష తెలుగు అని రాసి ఉండడం చూసి నేను కాస్త పెద్దరికంగా తెలుగులోకి దిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

"గొల్లపల్లి సార్. కోంటా బ్లాకు."

గొల్లపల్లి. నా రిపోర్టులో ఒక అధ్యాయం మొత్తం ఆ ఊరి గురించే. కొత్త చొక్కా కింద నాకు చెమట పట్టడం మొదలైంది. కానీ ప్రశ్న అడక్కపోతే మేడమ్‌కు అనుమానం వస్తుంది. అడిగాను.

ఆ అమ్మాయి రిపోర్టు తెరిచి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. "సార్, ఇక్కడ మార్చి రెండో వారంల మా ఊళ్ల ముప్పై మంది ఇంటి పెద్దలతోటి మాట్లాడినమని ఉంది."

"ఉంటే?"

"మార్చిల మా ఊళ్ల ఇంటి పెద్దలు ఉండరు సార్. మిరపకాయ కోతకు పోతరు. భద్రాచలం అవతలికి, ఖమ్మం దాకా. ఇల్లిల్లు తాళమే. ముసలోళ్లు, నడవలేనోళ్లు మిగుల్తరు. ముప్పై మంది కాదు సార్, ముగ్గురు గూడ దొరకరు."

హిందీలో చెప్పమన్నట్టు మేడమ్ నా వైపు చూశారు. ఆ అమ్మాయే మళ్లీ హిందీలో చెప్పింది. చెప్పి ఊరుకోకుండా ఇంకో పేజీ తిప్పింది. అక్కడ ఏముందో నాకు చూడకుండానే తెలుసు. ఆ ముప్పై మందీ చింతపండు గింజ తీసే శిక్షణకు ఉత్సాహం చూపించారని నేను రాస్తే, కంపెనీ నమ్మి కోంటాలో ఒక షెడ్డు వేయించి యంత్రం పెట్టింది. మరుసటి ఏడు మార్చిలో శిక్షణకు పిలిస్తే ఎవరూ రాలేదు. అప్పుడు రిపోర్టుకు ఒక అనుబంధం రాశాను: "గ్రామస్తుల్లో ఆసక్తి, శ్రమించే అలవాటు కొరవడ్డాయి."

"మావోళ్లు కష్టపడరని రాసిన్రు సార్," అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు. "పొద్దు పొడవకముందు నుంచి పొద్దుగూకే దాకా వంగి మిరపకాయలు కోస్తరు. షెడ్డుకు ఎందుకు రాలేదంటే, ఊళ్ల లేరు గనక రాలేదు."

మేడమ్ నన్ను హిందీలో అడిగారు, "ఇది నిజమేనా?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అప్పటికి ఎనిమిదేళ్ల కిందట, ఆ మార్చి నెలలో నేనూ డ్రైవరూ సర్వేకు బయలుదేరి కోంటా దాకా వెళ్లాం. గొల్లపల్లి దారి బాగా లేదని అక్కడివాళ్లన్నారు, ఈ రోజు పోవద్దన్నారు, రేపు చూద్దామన్నారు. అప్పుడు ఆ దారులు నిజంగానే కష్టం, ఎప్పుడు ఎక్కడ కాల్పులు జరుగుతాయో తెలియదు. ఆ సంగతి రాసి, వెనక్కి వచ్చి, ఇంకో నెలలో వెళ్లి ఉంటే నన్నెవరూ ఏమీ అనేవారు కాదు. నాకు గడువు ముఖ్యమైంది. భయం కూడా వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కోంటాలో ఒక హోటల్లో బజ్జీలు తింటూ మూడు రోజులు కూర్చుని ముప్పై ఫారాలూ నింపేశాను. ఆ వైపు ఇంటిపేర్లు డ్రైవరుకు తెలుసు. అతను పేరు చెప్పేవాడు, ఆ పేరుగల మనిషి ఏమన్నాడో నేను రాసేవాణ్ణి. కొందరితో కొంచెం విసుగ్గా కూడా మాట్లాడించాను, సహజంగా ఉండాలని. ఆ ఊరికి మాత్రం నేను ఆ తర్వాత కూడా వెళ్లలేదు.

అందుకే మేడమ్ అడిగినప్పుడు నా నోటికి అబద్ధం సిద్ధంగా దొరికింది. "మామూలుగా అయితే నిజమే మేడమ్. కానీ ఆ ఏడు మిరపకు తెగులు వచ్చింది. కోతకు ఎవరూ వెళ్లలేదు."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. ఏదో అనబోయింది. మళ్లీ తల దించుకుని, "అయ్యుండొచ్చు సార్. నాకు తెల్వదు," అంది.

పర్సనెల్ ఆఫీసరు వెంటనే ఐదేళ్ల తర్వాత సంగతి అడిగాడు. ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆమె వెళ్లాక మార్కుల కాగితం మీద నా అభిప్రాయం రాశాను: "తెలివి ఉంది. ఆధారం లేకుండా మాట్లాడే స్వభావం." ఆ మాట రాసినవాణ్ణి నేను. ముప్పై మందిని హోటల్లో పుట్టించినవాణ్ణి.

మధ్యాహ్నానికి పదకొండు మందీ అయిపోయారు. మార్కులు కూడితే జగదల్‌పూర్ కుర్రాడు మొదటివాడు, గొల్లపల్లి అమ్మాయి మూడోది. మేడమ్, పర్సనెల్ ఆఫీసరు ఇద్దరూ ఆమెకు మంచి మార్కులే వేశారు. కిందికి లాగినవి నావి. నాలుగింటికి జాబితా మీద మేడమ్ సంతకం పెట్టి జగదల్‌పూర్ బయలుదేరాలి. నేను అన్నం తిని, చేయి కడుక్కుంటూ, ఆ కుర్రాడు నిజంగా చురుకైనవాడే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకుంటున్నాను.

డ్రైవరు జీపు తెచ్చి ఆపాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీ గొల్లపల్లి పిల్లను బస్టాండుల దింపి వచ్చిన సార్."

"నిన్నెవరు దింపమన్నారు?"

"ఎండల నడుస్తుంటే చూసుకుంట పోవాల్నా ఏంది? మా దిక్కు పిల్ల." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అయితే ఆ ఏడు మిరపకు తెగులొచ్చిందట గద సార్? నాకు చెప్పనే లేదు."

కడిగిన చేయే మళ్లీ కడుక్కున్నాను.

"ఆ ఏడు ఆ పిల్ల గూడ పోయిందట. ఎనిమిదో తరగతట. తమ్ముణ్ణి ఎత్తుకోనీకి హాస్టలు మాన్పించి తోల్కపోయిన్రట. రెండు నెల్లు చేనుకాడ ప్లాస్టిక్ పరదా కిందనే ఉన్నరట."

"మరి లోపల ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నేనూ అదే అడిగిన. ఏందమ్మా, నోట్లె ముల్లు గుచ్చుకున్నదా, చెప్పొద్దా అన్న. ఏమన్నదో ఎరుకనా? ఆ పెద్ద సారు మొకం జూస్తె పాపమనిపించింది అన్నది."

చేతికున్న నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాను.

"ఉద్యోగం రాదని ఆ పిల్లకు సమజయ్యింది," అన్నాడు డ్రైవరు. "జనవరిల మల్ల మిరప కోతకే పోత అన్నది. బీఎస్సీ చదివి. మనకేంది సార్, మనం బజ్జీలు తిన్నోళ్లం."

"ఊరుకోవయ్యా."

"ఊకున్న గద, ఎనిమిదేండ్లు."

ఆ అమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది. నా చేతిలో బతుకు పెట్టుకుని వచ్చిన పిల్ల నన్ను చూసి జాలిపడింది. అవతలివాళ్లను అంచనా వేసే పని ఆ రోజు నాది. అంచనా సరిగ్గా వేసింది ఆమె.

ఇంత తెలిసీ నేను వెంటనే వెళ్లి నిజం చెప్పానని అనుకోకండి. ముందు దొడ్డిదారి ప్రయత్నించాను. మేడమ్ గదిలోకి వెళ్లి, "ఆ గొల్లపల్లి అమ్మాయికి నేను వేసిన మార్కులు కొంచెం తక్కువేమో. పెంచుదామనుకుంటున్నాను," అన్నాను.

మేడమ్ కలం మూత పెట్టారు. "ఆధారం లేకుండా మాట్లాడుతుందని రాశారు. భోజనం దగ్గర ఏ ఆధారం దొరికింది?"

పర్సనెల్ ఆఫీసరు ఆసక్తిగా కుర్చీలో ముందుకు జరిగాడు. రోజంతా అతనికి అంత మంచి ప్రశ్న ఎవరూ వినిపించలేదు.

చెప్పాను. మొదట కొంచెం, తర్వాత మొత్తం. కోంటా హోటలు, మూడు రోజులు, ముప్పై ఫారాలు, మిరప తెగులు అబద్ధం. పేర్లు ఎక్కడివని అడిగితే నాకే తెలుసన్నాను. డ్రైవరు ఊసు ఎత్తలేదు. నా మంచితనమేమీ కాదు. ఎనిమిదేళ్లు నోరు మూసుకున్న మనిషికి ఆ మాత్రమైనా చేయాలనిపించింది.

మేడమ్ మార్కుల కాగితాన్ని నా ముందుకు జరిపి, "మీరు అందరికీ వేసిన మార్కులు, ఈ అమ్మాయి మీద మీ అభిప్రాయం మీరే కొట్టేయండి. పక్కన సంతకం పెట్టండి," అన్నారు. పెట్టాను. "ఆ రిపోర్టును రేపటి నుంచి ఎవరికీ ఇవ్వకండి. నాకు రాతపూర్వకంగా అన్నీ కావాలి." సరేనన్నాను. "మీ రెండేళ్ల సంగతి తర్వాత మాట్లాడదాం."

ఆ సంగతి తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఉద్యోగం ఆ అమ్మాయికి వచ్చింది. చేరిన రోజు నా బల్ల ముందు నిలబడి "నమస్తే సార్" అంది, ఏమీ జరగనట్టు. నేను క్షమాపణ చెప్పాలని వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. చివరికి ఒక ఉదయం, "అమ్మా, ఆ మిరప తెగులు..." అని మొదలుపెట్టాను. ఆమె, "పాత ఫారాలు ఎక్కడున్నయి సార్? ఒకసారి చూడాలె," అంది. ముప్పై ఫారాలూ తెచ్చి ఇచ్చాను. రెండు రోజులు చదివింది. ఒక ఫారం చేతిలో పట్టుకుని వచ్చి, "సార్, ఈ తాత మీతోటి మాట్లాడెనాటికి చచ్చిపోయి మూడేండ్లు," అంది. చెప్పి నవ్వాపుకోలేకపోయింది. ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వు వచ్చింది. సిగ్గుతో నవ్విన నవ్వు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సర్వే మళ్లీ మొదటి నుంచి చేయాలని ఆమె పట్టుబట్టింది. ఊరికి రెండుసార్లు వెళ్లాలంది: అందరూ ఉన్నప్పుడు ఒకసారి, అందరూ పోయాక ఒకసారి. డిసెంబరులో నాకు జ్వరం వస్తే తనే వెళ్లి ఇంటింటికీ తిరిగి వచ్చింది. మార్చిలో, నా రిటైర్మెంటుకు మూడు నెలలు ఉందనగా, నన్నూ బయలుదేరదీసింది. అప్పటికి రోడ్డు పడింది. దారిలో రెండు పోలీసు క్యాంపుల దగ్గర పేర్లు రాయించుకుని, పొద్దున పదింటికల్లా గొల్లపల్లి చేరాం. కోంటా దాటినప్పటి నుంచి డ్రైవరు, "బజ్జీలకు ఆపాల్నా సార్?" అని మూడుసార్లు అడిగాడు.

ఆమె చెప్పినట్టే ఉంది. తలుపుకు తలుపు తాళం. పెరళ్లలో చింత చెట్లు మాత్రం కాయతో వంగి ఉన్నాయి. ఒక ఇంటి ముందు చాప మీద ఒక ముసలమ్మ చింతకాయలు పోసుకుని కూర్చుంది. చిన్న కర్రతో కొట్టి, పెంకు రాల్చి, ఈనె లాగి, గింజ తీసి బుట్టలో వేస్తోంది. ఊళ్లో చింతపండు ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు నా కళ్ల ముందు కూర్చుని ఉంది. పనిచేసే చేతులన్నీ మిరప తోటల్లో ఉంటే, చింతపండు ఇలాంటి ముసలి చేతుల్లో మిగిలింది. ఆ షెడ్డు కోంటాలో ఎందుకు ఖాళీగా ఉందో, గుమ్మం దాకా నడవడమే కష్టమైన ఆ మనిషిని చూస్తే చాలు, తెలిసిపోతుంది.

అమ్మాయి చాప అంచున కూర్చుంది. "అమ్మమ్మా, మంచిగున్నవా?" అని కాళ్ల నొప్పుల గురించి, కొడుకు దగ్గర నుంచి ఫోను వచ్చిందా అన్న దాని గురించి చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఫారం తీసి మొదటి ప్రశ్న అడిగింది. "నేను రాకముందు మా కంపెనీ నుంచి ఎవరన్న వచ్చి నిన్ను అడిగిన్రా?"

ముసలమ్మ కర్ర ఆపి, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. "ఏమో బిడ్డా, నాకు కండ్లు కనబడయి. ఏంది సారూ, నువ్వు వచ్చినవా ఇంతకుముందు?"

అమ్మాయి ఫారం మీద కలం పెట్టి, తల ఎత్తకుండా ఆగింది. జీపు దగ్గర డ్రైవరు అటు తిరిగి నిలబడ్డాడు.

"రాలేదమ్మా," అన్నాను. "ఇదే మొదటిసారి."

కలం గీసిన చప్పుడు వినిపించింది.

"మరి ఇన్నొద్దులు ఏం జేసినవ్?" అంది ముసలమ్మ. జవాబు కోసం ఆగలేదు. గుప్పెడు చింతకాయలు నా వైపు తోసింది. "కూసో. ఊకె కూసోకు, గింజ దియ్యి. ఏమడుగుతవో అడుగు."

కూర్చున్నాను.